తాతయ్య పనిముట్ల పెట్టె

బందరు,
డిసెంబర్ 14, 2025

కన్నా,

మొన్న వీడియో కాల్‌లో అన్నావు కదా, అమ్మా సంక్రాంతికి వచ్చినప్పుడు తాతయ్య పెట్టె నేను తీసుకెళ్తా, ఎవరికీ ఇచ్చెయ్యకు అని. సరే అన్నాను గానీ ఫోన్ పెట్టేశాక ఆ పెట్టె ముందే చాలాసేపు కూర్చుండిపోయా. నీకు తెలిసిన తాతయ్య అరుగు మీద కూర్చుని చిన్న చెక్కముక్కకి ఆకురాయి రుద్దుకునే ముసలాయన, నీకు బొంగరం చేసిచ్చిన తాతయ్య, అంతే కదా. నువ్వు పుట్టేసరికే ఆయనకి అరవై దాటిపోయింది. ఆ పెట్టెలో ఏ పనిముట్టు ఏం చేసిందో తెలీకుండా తీసుకెళ్తే అవి నీకు ఇనుపముక్కలే అవుతాయి, అందుకని రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఆఫీసు లేని రోజు చదువు.

తాతయ్య పెద్దకర్మ రోజున నువ్వు లేవు, టికెట్ దొరకలేదు, దాని గురించి నువ్వింకా బాధపడుతున్నావని నాకు తెలుసు. ఆ రోజు ఏం జరిగిందో ముందు అది చెప్తా. మనవాళ్ళు, బంధువులు వస్తారనుకున్నాం, వంట కూడా ఆ లెక్కకే చెప్పాం, కానీ మన ఊరి నుంచే కాదు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా ముసలోళ్ళు ఒక్కొక్కళ్ళే కర్ర ఊతంతో దిగారు, ఆటోల్లో వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ నాతో అన్నది దాదాపు ఒకటే మాట, మా ఇంటి గుమ్మం మీ నాన్నే నిలబెట్టాడమ్మా అని. ఒకాయన మా అమ్మాయి ఉయ్యాల అన్నాడు, ఇప్పుడు ఆ అమ్మాయి మనవరాలు కూడా అందులోనే పడుకుంటోందంట. ఒకావిడ నా పెళ్ళిపీటలు అంది, ఆవిడకి డెబ్భై పైనే ఉంటాయి. నేను లోపలికెళ్ళి ఏడ్చేశాను కన్నా, దుఃఖంతో కాదు, మా నాన్న పోగేసుకున్నది ఏమీ లేదని ఇన్నాళ్ళూ నాలో నేను అనుకున్నా కదా, ఆ పోగేసుకున్నదంతా వేరే వాళ్ళ ఇళ్ళల్లో ఉంది.

మొదట్నుంచీ చెప్తా. ఆయన పుట్టినరోజు ఎవరికీ తెలీదు, ఆధార్ తీసినప్పుడు ఆ కుర్రాడు 01-01-1934 అని కొట్టేశాడు, మనం కూడా అదే పట్టుకున్నాం, ఆ లెక్కన 91. పదకొండో ఏట వాళ్ళ నాన్న పోయాడు. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు. బడి మూడో తరగతితో ఆగిపోయింది, మేనమామ దగ్గర పనికి పెట్టారు. రెండేళ్ళు ఒక్క పనిముట్టు కూడా చేతికివ్వలేదంట ఆయన, చెక్క మొయ్యడం, పొట్టు ఊడ్చడం, సానరాయి మీద నీళ్ళు పొయ్యడం అంతే. మూడో ఏడు ఉలి ఇచ్చి దీనికి పదును పెట్టు అన్నాడంట. పెట్టి చూపిస్తే మామ తన చేతి మీద వెంట్రుకలకి ఆనించి చూసి ఏం అనకుండా మళ్ళీ రాయి మీదకి తోసేవాడంట, ఎన్ని రోజులో. ఒకరోజు వెంట్రుక తెగింది. ఆ ఉలే పెట్టెలో అన్నిటికన్నా పొట్టిగా ఉంది చూడు, వేప పిడిది, అరిగీ అరిగీ బొటనవేలంత అయ్యింది. పిడి మాత్రం నాలుగుసార్లు మార్చాడు.

ప్రకాశం బ్యారేజీ పూర్తయిన ఏడాది, అంటే 1957లో, మీ అమ్మమ్మతో పెళ్ళి. అప్పటికే చెల్లెళ్ళిద్దరి పెళ్ళిళ్ళూ చేశాకే తను చేసుకున్నాడు. తర్వాత మేము నలుగురం, ముగ్గురు ఆడపిల్లలం, చివర మీ మావయ్య. నేను మూడోదాన్ని, 1968. మీ మావయ్య నా తర్వాత ఆరేళ్ళకి పుట్టాడు, అందుకని ఈలోగా తాతయ్యకి చేతికింద మనిషిని నేనే అయ్యాను.

నూలు పట్టుకోవడం నా పని. దుంగని కొయ్యాలంటే ముందు గీత పడాలి కదా, దానికి నూలు కొడతారు. పాత బ్యాటరీ సెల్లు పగలగొట్టి లోపల ఉండే నల్లపొడి నీళ్ళల్లో కలిపి కొబ్బరిచిప్పలో పెట్టేవాడు, ఆ నీళ్ళల్లో దారం ముంచి ఒక కొస నాకిచ్చేవాడు. నేను దుంగ ఈ చివర గురుతు మీద బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకోవాలి, ఆయన ఆ చివర లాగి పట్టుకుని మధ్యలో రెండువేళ్ళతో ఎత్తి టప్పుమని వదిలేవాడు. నల్లటి గీత, వెంట్రుకంత, ఈ కొస నుంచి ఆ కొసకి. నా వేలు ఒక్క గింజంత కదిలినా గీత వంకర, అప్పుడు తిట్టేవాడు కాదు, తడిగుడ్డతో తుడిచేసి మళ్ళీ ముంచేవాడు. బడికెళ్తే నా బొటనవేలు ఎప్పుడూ నల్లగా ఉండేది, టీచర్ గారు సిరా అనుకునేది. ఉలి మాత్రం నా చేతికి ఇవ్వలేదు. ఆడపిల్లలకి ఇవ్వరు మా కాలంలో. నాకు ఆ పని చెయ్యాలని ఎంత ఉండేదో ఆయనకి తెలుసు, తెలిసీ ఇవ్వలేదు, ఆ ఒక్క విషయంలో మా నాన్న మీద నాకు ఇప్పటికీ కొంచెం కోపమే. కానీ చూడనిచ్చేవాడు, చెప్పేవాడు కూడా. ఏ చెక్క దేనికో, ఎందుకో అన్నీ చెప్పేవాడు.

మన దివిసీమలో అడవి ఏముంది, సముద్రం వైపు మడ చెట్లు, ఊళ్ళల్లో తుమ్మ, వేప, తాడి, నిద్రగన్నేరు, సరుగుడు. టేకు కావాలంటే బందరో బెజవాడో అడితికి, అంటే చెక్కలమ్మే చోటుకి వెళ్ళాలి. బండికీ నాగలికీ నల్లతుమ్మే. తుమ్మ మొద్దు కొట్టగానే పని చెయ్యకూడదు, నెలల తరబడి కాలవలోనో చెరువులోనో నానేసి ఉంచాలి, లోపల పసరంతా నీళ్ళల్లోకి దిగిపోతేనే పురుగు పట్టదు. మా ఇంటి వెనక బోదెలో ఎప్పుడూ రెండు మూడు మొద్దులు మునిగి ఉండేవి, మేము వాటి మీద కూర్చుని కాళ్ళు ఆడించేవాళ్ళం. ఇంకొకటి చెప్పేవాడు, నువ్వు రేపు ఇల్లు కట్టుకున్నా గుర్తుపెట్టుకో, ద్వారబంధం నిలువు చెక్కలకి మొదలు కిందకి కొస పైకి ఉండాలి, చెట్టు ఎలా నిలబడిందో చెక్క కూడా అలాగే నిలబడాలి. కోసి చిత్రిక పట్టేశాక ఏది మొదలో ఏది కొసో మామూలోళ్ళకి ఎలా తెలుస్తుంది, ఆయన అరచేత్తో తడిమి చెప్పేసేవాడు. చిన్నప్పుడు కళ్ళు మూసుకోమని చెక్కలు అటూఇటూ మార్చేసి అడిగేదాన్ని, ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

అప్పట్లో కూలి డబ్బులు కాదు, మేర. ఒక్కో అరకకి ఏడాదికి ఇన్ని కుంచాల ధాన్యం అని మాట, దానికి ఏడాది పొడుగునా ఆ రైతు నాగలి, కాడి, గొర్రు ఏది విరిగినా బాగుచెయ్యాలి. ఏరువాక పున్నమి ముందు పదిహేను రోజులు మా ఇంటి ముందు తిరనాళ్ళే, రైతులు నాగళ్ళు భుజానేసుకుని వచ్చి వేపచెట్టు కింద కూర్చునేవాళ్ళు. తాతయ్య పొద్దున నాలుగింటికి లేచి లాంతరు పెట్టుకుని మొదలెట్టేవాడు. ఆ రోజుల్లో అన్నం కూడా పని దగ్గరకే తీసుకెళ్ళేదాన్ని, చేతులు కడుక్కునే తీరిక లేక అమ్మమ్మ ముద్దలు కలిపి నోట్లో పెట్టేది, అందరి ముందూనే. పనికి సెలవంటే అమావాస్య, దసరా ఆయుధపూజ, వైశాఖ శుద్ధ దశమి బ్రహ్మంగారి ఆరాధన, అంతే. అమావాస్య రోజు కూడా ఊరికే ఉండేవాడు కాదు, రంపం పళ్ళు ఆకురాయితో సరిచేసుకునేవాడు, అది పని కాదులే అమ్మా అనేవాడు.

బండి చక్రం చెయ్యడం నువ్వు చూడలేదు, ఇక ఎక్కడా చూడలేవేమో కూడా, అందుకని ఇది మాత్రం వివరంగా రాస్తా. మధ్యలో కుండ, తుమ్మ మొద్దు. దానికి చుట్టూ పన్నెండు బెజ్జాలు, పన్నెండు ఆకులు దిగగొడతారు, ఆకులంటే ఇప్పుడు సైకిల్ చక్రానికి చువ్వలుంటాయి కదా అలా, కానీ చెక్కవి. ఆ పైన వంపు చెక్కలు ఆరు, పూఠీలంటారు, ఒక్కో పూఠీకి రెండు ఆకులు. ఇంత పనిలో మేకు ఒక్కటి ఉండదు. ఆకు కొస సన్నగా చెక్కి బెజ్జంలో దిగగొడితే అంతే, ఇక జన్మకి కదలదు. ఇదంతా అయ్యాక కమ్మరి మావయ్య వచ్చేవాడు. ఇనప పట్టాని చక్రం చుట్టుకొలత కన్నా కొంచెం తక్కువగా వంచి అతికిస్తాడు, ఎంత తక్కువ అనేదే మొత్తం విద్య. పట్టా చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడతారు, పొద్దున పెడితే ఎర్రబడేసరికి ఎండెక్కుతుంది. ఇనుము కాలితే పెద్దదవుతుంది కదా, అప్పుడు పట్టకార్లతో నలుగురు పట్టుకొచ్చి చక్రం మీద కూర్చోబెడతారు, చెక్క భగ్గుమని అంటుకుంటుంది, ఒక్క నిమిషం ఆలస్యమైనా చక్రం బూడిదే. పిల్లలమందరం బిందెలతో నీళ్ళు పట్టుకుని రెడీగా ఉండేవాళ్ళం, తాతయ్య పొయ్యండీ అని అరవగానే పోసేసేవాళ్ళం, తెల్లటి ఆవిరి, ఏమీ కనపడేది కాదు, ఆ ఆవిరిలోంచి చక్రం కిర్రుమని మూలిగేది. ఇనుము బిగుసుకుంటూ పన్నెండు ఆకుల్నీ కుండలోకి నొక్కేస్తున్న చప్పుడు అది. తాతయ్య చెవి పెట్టి వినేవాడు. ఆ మూలుగు ఆగిపోయాక బాడిస, అదే చెక్క చెక్కే పనిముట్టు, దాని వెనక వైపుతో ఒక్కో ఆకు మీదా టక్ టక్ కొట్టుకుంటూ చుట్టూ తిరిగేవాడు, పన్నెండూ ఒకే గొంతు పలికితే అప్పుడు తలపాగా తీసి మొహం తుడుచుకునేవాడు. ఒక్కటి బొంగురుగా పలికినా ఆ రోజు ఇంట్లో ఎవరితో మాట్లాడేవాడు కాదు.

మాఘ పౌర్ణమికి హంసలదీవి స్నానాలకి బళ్ళు కట్టుకుని వెళ్ళేవాళ్ళం, కృష్ణ సముద్రంలో కలిసే చోటుకి, నీకు చిన్నప్పుడు చూపించాను కదా. రాత్రంతా బళ్ళు వరసగా వెళ్తుంటే తాతయ్య పడుకుని కళ్ళు మూసుకునే, ముందు బండి చక్రం నాది, దాని ముందుది కాదు, ఆ వెనకది నాది అని చప్పుడు బట్టి చెప్పేవాడు.

ఇక ఉప్పెన. 1977 నవంబర్ 19, శనివారం. దీని గురించి నీకు ముక్కలు ముక్కలుగా చెప్పానేమో గానీ తాతయ్య సంగతి చెప్పలేదు, ఎందుకంటే ఆయన ఉన్నంతకాలం ఆయన ముందు ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు. నాకు తొమ్మిదేళ్ళు. పొద్దుట్నుంచీ గాలి. మధ్యాహ్నానికి తాటాకు కప్పు లేచిపోతోంది. తాతయ్య బయటకొచ్చి గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు, మట్టిగోడ, తడిసి వణుకుతోందంట, ఇది ఉండదు నడవండి అన్నాడు. మీ మావయ్య మూడేళ్ళవాడు, వాణ్ణి అమ్మమ్మ వీపుకి చీరతో కట్టి, మా ముగ్గురినీ బండి మోకుతో ఒకళ్ళకొకళ్ళని కట్టి, ముందు తను పట్టుకుని ఊళ్ళో ఒక రైతుగారి డాబాకి తీసుకెళ్ళాడు. రెండు వీధుల దూరం, ఎంతసేపు పట్టిందో. చీకటి పడ్డాక నీళ్ళొచ్చాయి. డాబా మీద ఎంతమందిమో లెక్కలేదు, కింద నీళ్ళల్లో గొడ్లు అరుస్తున్నాయి, కాసేపటికి ఆ అరుపులు కూడా లేవు. పదివేల మందికి పైగా పోయారని తర్వాత అన్నారు. మన ఊరు సముద్రానికి కొంచెం దూరం కాబట్టి మేం మిగిలాం, కింద ఊళ్ళల్లో ఇంటికి ఒక్కళ్ళు కూడా మిగలనివి ఉన్నాయి.

తెల్లారి దిగితే మా ఇల్లు లేదు. గోడ మొదళ్ళు కూడా లేవు, బురద. పెట్టె ఒక్కటి ఉంది. బయల్దేరేముందు దాన్ని వేపచెట్టు మొదట్లో వేళ్ళకి గొలుసేసి బిగించాడంట, ఎప్పుడు కట్టాడో మేం ఎవరం చూడలేదు. వేపచెట్టు పడిపోయింది గానీ వేళ్ళు ఊడలేదు. పెట్టె మూత తీసి నీళ్ళు వంచి, రంపం తీసుకుని వెళ్ళిపోయాడు. పది రోజులు ఇంటికి సరిగ్గా రాలేదు, ఇల్లెక్కడుందిలే, మేమున్న చోటుకి రాలేదు. దారుల మీద పడ్డ చెట్లు కోస్తున్నాడని అమ్మమ్మ చెప్పేది. దారులకే కాదు. చితులకి. తడి చెట్లు అంటుకోక కిరసనాయిలు పోసి కాల్చేవాళ్ళంట, ఆ కట్టెలు కోసింది మా నాన్న, ఇంకొంతమందీ. నా పెళ్ళయ్యాక ఎప్పుడో ఒక్కసారి, ఒకే ఒక్కసారి నాతో అన్నాడు, అమ్మా ఆ పది రోజులూ కొలత వేసుకోకుండా కోశాను, జీవితంలో కొలత లేకుండా కోసింది అప్పుడే అని. ఆ తర్వాత లేచి వెళ్ళిపోయాడు. పెట్టెలో పెద్ద రంపం ఉంది చూడు, దానికి తుప్పు మచ్చలున్నాయి, ఎంత రుద్దినా పోలేదు, ఉప్పునీళ్ళ మచ్చలు అవి.

మన దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు ఆ రోజుల్లో దివిసీమ అంతా కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగారు, ఎక్కడెక్కడి నుంచో సాయం వచ్చింది, సినిమా హీరోలు ఎన్టీ రామారావు గారూ అక్కినేని నాగేశ్వరరావు గారూ జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. కొత్త కాలనీలు కట్టడం మొదలయ్యింది, సిమెంటు ఇళ్ళు. ఇళ్ళకి తలుపులు కావాలి కదా. ఒక కాంట్రాక్టరు తాతయ్యకి 42 కిటికీలు ఆర్డరిచ్చాడు, చెక్క నువ్వే తెచ్చుకో, బిల్లు రాగానే ఇస్తానన్నాడు. తాతయ్య అడితిలో అప్పుకి చెక్క తెచ్చి నాలుగు నెలలు రాత్రీ పగలూ చేశాడు. కాంట్రాక్టరు కిటికీలు పట్టుకెళ్ళాడు, డబ్బులు లేవు, మనిషే మళ్ళీ కనపడలేదు. ఊళ్ళో వాళ్ళు ఆ కిటికీలు పీక్కొచ్చేద్దాం పద అన్నారు. తాతయ్య వెళ్ళాడు కూడా. వెళ్ళి చూస్తే ఆ ఇళ్ళల్లో ఉప్పెనలో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఒక కిటికీ రెక్క సరిగ్గా పడట్లేదని ఆవిడెవరో చెప్తే చిత్రిక తీసి కొంచెం పట్టి సరిచేసి తిరిగొచ్చేశాడు. అడితి అప్పు మూడేళ్ళు తీర్చాడు. ఆ మూడేళ్ళూ మాకు పండక్కి కొత్తబట్టలు లేవు, అమ్మమ్మ చెవులకి వేపపుల్లలు పెట్టుకుని తిరిగింది. ఆవిడ ఆ విషయంలో ఆయన్ని ఒక్క మాట అనలేదు, ఇది రాస్తుంటే నాకు ఆవిడే ఎక్కువ గుర్తొస్తోంది.

మనింటి సంగతి కూడా చెప్పాలి. ఊరందరికీ గుమ్మాలు ఎత్తిన మనిషి ఇంటికి ఎన్నాళ్ళు తలుపు లేదో తెలుసా. ఉప్పెన తర్వాత వేసుకున్న పాకకి తడిక, ఆ తర్వాత చిన్న పెంకుటిల్లయ్యింది, దానికి కూడా పాత బండి చెక్కలు కలిపి కొట్టిన తలుపే. మంచి టేకు చెక్క తెచ్చినప్పుడల్లా ఇది మన తలుపుకి అనేవాడు, అంతలో ఎవరో వచ్చేవాళ్ళు, ముహూర్తం దగ్గర పడిందయ్యా అని, ఇచ్చేసేవాడు. వేరే వాళ్ళ ఇంట్లో గుమ్మం నిలబెట్టే రోజు మాత్రం నన్ను తీసుకెళ్ళేవాడు. గుమ్మానికి పసుపు రాసి కుంకుమ పెట్టి మామిడాకులు కట్టి, కింద గుంటలో నవధాన్యాలు చిల్లరడబ్బులు వేసి, ఇంటాయనా ఇంటావిడా వడ్రంగికి కొత్తబట్టలు పెట్టి దణ్ణం పెట్టేవాళ్ళు. ఆ ఒక్క రోజు ఆయన కులం ఎవరూ చూడరు, డబ్బు ఎవరూ చూడరు. మా నాన్న తెల్లపంచె కట్టుకుని గుమ్మానికి మట్టం పెట్టి చూస్తుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో.

మన టేకు తలుపు చివరికి 1994లో పడింది, నీ పెద్దమ్మలిద్దరి పెళ్ళిళ్ళూ నా పెళ్ళీ అయ్యాక. నా టీచర్ ట్రైనింగ్ ఫీజు కూడా ఆ తలుపు చెక్కలోదే. అవును, నిజంగానే, తలుపుకని దాచిన చెక్క అమ్మి కట్టాడు. నేను వద్దన్నా. నూలు కొస ఇన్నేళ్ళు కదలకుండా పట్టుకున్నావు, దానికి కూలి ఇవ్వలేదు కదమ్మా నీకు, ఇది అనుకో అన్నాడు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు నేను ఇన్నాళ్ళూ, మీ నాన్నకి కూడా.

ట్రాక్టర్లొచ్చాక నాగళ్ళు పోయాయి, రబ్బరు టైర్ల బళ్ళొచ్చాక చక్రాలు పోయాయి. మేర ఎప్పుడు ఆగిందో కూడా తెలీలేదు, ఒక్కో రైతూ ఒక్కో ఏడు మానేశారు. అందరూ ఆయన పని అయిపోయిందనుకున్నారు, ఆయన మాత్రం అరవై రెండో ఏట బందరు వచ్చి ఒక షాపులో ప్లైవుడ్ పని నేర్చుకున్నాడు, తనకన్నా ముప్పై నలభై ఏళ్ళు చిన్నోళ్ళ దగ్గర. ఫెవికాల్ రాయడం, సన్‌మైకా అతికించడం, కరెంటు రంపం. నాకు చూసి మనసు చివుక్కుమంది, నాన్నా ఇంటి దగ్గర కూర్చో, నేను జీతం తెచ్చుకుంటున్నా కదా అన్నాను. మీ మావయ్య చదువు అవ్వాలి కదమ్మా అన్నాడు. ప్లైవుడ్‌ని ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడలేదు కూడా, పేదోడు అలమారా కొనుక్కుంటున్నాడు దానివల్ల అనేవాడు. కానీ సాయంత్రం ఇంటికొచ్చి చేతులు వాసన చూసుకునేవాడు, చెక్క వాసన రావట్లేదమ్మా, జిగురు వాసన వస్తోంది అనేవాడు.

అమ్మమ్మ పోయాక నా దగ్గరకి రమ్మంటే రాలేదు, ఊళ్ళోనే ఉన్నాడు. మన పక్కింటి కుర్రాడు ఒకడు బడి మానేసి తిరుగుతుంటే వాణ్ణి చేరదీసి పని నేర్పించాడు, నీకు గుర్తుండే ఉంటుంది, నీకు క్రికెట్ బ్యాట్ చేసిచ్చినవాడు. 2023లో పీఎం విశ్వకర్మ అని స్కీము వచ్చింది కదా, పద్దెనిమిది రకాల చేతివృత్తుల వాళ్ళకి, పనిముట్లకి పదిహేను వేలు, ఎవరో తాతగారూ మీ పేరు రాయించుకోండి అన్నారు. నా చేతులు ఇప్పుడు పట్టవయ్యా, వాడి పేరు రాయండి అని ఆ కుర్రాణ్ణి చూపించాడు. వాడి పేరే రాశారు. పెద్దకర్మ రోజు పందిట్లో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది వాడే.

చివరి రెండేళ్ళు కళ్ళు సరిగ్గా ఆనలేదు, ఒప్పుకుని నా దగ్గరకొచ్చాడు. పొద్దున్నే లేచి ఇంట్లో ఒక్కో తలుపు దగ్గరకీ వెళ్ళి చేత్తో తడిమేవాడు. మన ఇంటివి కంపెనీ తలుపులు కదా, ఒకటి వానాకాలంలో బిగుసుకునేది, మేం తన్ని తీసేవాళ్ళం. ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి కింద కూర్చుని ఆ తలుపు అడుగున చిత్రిక పడుతున్నాడు, తొంభై ఏళ్ళ మనిషి, తలుపు ఊడదీసింది ఎవరంటే పక్కింటాయన్ని పిలిచాడంట. పొట్టు సన్నగా చుట్టలు చుట్టలుగా ఒళ్ళో పడుతోంది. కోప్పడదామని వెళ్ళి ఎదురుగా కూర్చుండిపోయా. తలెత్తకుండానే, ఆ కొస కొంచెం పట్టుకో అమ్మా అన్నాడు. పట్టుకున్నా. ఆ తలుపు ఇప్పుడు వేలితో తోస్తే చాలు పడుతుంది, నువ్వొచ్చినప్పుడు వేసి చూడు, వంటింటిది.

కార్తీకంలో నాలుగు రోజులు జ్వరం, అంతే, హాస్పిటల్‌కి ఒకే ఒక రాత్రి. ఎవరిచేతా చాకిరీ చేయించుకోలేదు. నొప్పి కూడా పెద్దగా లేదనే డాక్టరు గారు అన్నారు. నువ్వు ఫోన్లో అడిగావు కదా నన్ను తలుచుకున్నాడా అని, తలుచుకున్నాడు నాన్నా, వాడికి అక్కడ చలి ఎక్కువ కదా, గది తలుపు సందుల్లోంచి గాలి రాకుండా ఉందా అని అడిగాడు.

పెట్టె విషయం. ఉలులు ఆరు, బాడిస ఒకటి, చిత్రికలు రెండు, చిన్న రంపం, బెజ్జాలు వేసే బరమా, మూలమట్టం, ఇవి నువ్వు తీసుకెళ్ళు. విమానంలో చేతి బ్యాగులో పెడితే తీసేసుకుంటారు, పెద్ద సూట్‌కేసులోనే పెట్టాలి. ఒక్కోదానికీ కొబ్బరినూనె రాసి పాత పంచె ముక్కల్లో చుట్టి ఉంచుతాను, అక్కడికెళ్ళాక విప్పి మళ్ళీ రాయి, మీ దగ్గర తేమ ఎక్కువ. బాడిస పిడి వదులైతే ఫెవికాల్ పెట్టకు, ఒక రాత్రి నీళ్ళల్లో ఉంచు, అప్పటికి బిగుసుకుంటుంది. పెద్ద రంపం ఆ కుర్రాడికి ఇస్తానని మాటిచ్చాను, నువ్వేం అనుకోకు, వాడు దాంతో పని చేస్తాడు.

నూలు ఉండ మాత్రం ఎవరికీ ఇవ్వను. అది నా బీరువాలో ఉంది.

అమ్మ